చిన్న ఊరి థియేటరుకు స్టూడియో పంపిన పుస్తకం

సినిమా తీయడం ఒక ఎత్తు, జనం చేత టిక్కెట్టు కొనిపించడం మరొక ఎత్తు. మన ఊళ్లలో ఈ రెండో పని ఎలా జరిగేదో మేము పెద్దలు చెప్పగా విన్నాము. రిక్షాకు మైకు కట్టి, పోస్టర్లు అతికించి, కరపత్రాలు పంచుతూ వీధులన్నీ తిరిగేవారు. పాటల పుస్తకంలో కథ సగం చెప్పి, మిగతాది వెండితెరపై చూడమని ఆపేసేవారు. ఇదే పనికి అమెరికాలోని హాలీవుడ్ స్టూడియోలు ఏకంగా ఒక పుస్తకమే తయారుచేసి థియేటర్లకు పంపేవి. దాని పేరు ప్రెస్‌బుక్.

1920, 30లలో అక్కడి పెద్ద స్టూడియోలకు నగరాలలో సొంత థియేటర్లు ఉండేవి. చిన్న పట్టణాలలోని థియేటర్లు మాత్రం ఎక్కువగా విడి యజమానులవి. అలాంటి చోట ప్రకటన రాయడానికి రచయిత గానీ, బొమ్మ వేయడానికి ఆర్టిస్టు గానీ ఎక్కడ దొరుకుతారు? ఆ లోటును ప్రెస్‌బుక్ తీర్చింది. అందులో కథాసారం, నటీనటుల వివరాలు, పోస్టర్ల జాబితా, వాటి ధరలు ఉండేవి. పత్రికకు ఇవ్వవలసిన వార్తలు కూడా ముందే రాసి ఉండేవి. చివరికి సమీక్ష కూడా! సినిమా ఊరికి రాకముందే దాని సమీక్ష సిద్ధమన్నమాట.

పత్రికా ప్రకటనల కోసం 'మ్యాట్' అనే అట్ట అచ్చు దొరికేది. బొమ్మ, అక్షరాలు ఆ అట్ట మీద గుంటలుగా నొక్కి ఉంటాయి. పత్రిక ప్రెస్సులో దానిపై కరిగించిన సీసం పోస్తే అచ్చుకు పనికొచ్చే పలక తయారవుతుంది. బ్లాకు చేయించే ఖర్చు మిగిలేది. అట్ట తేలిక కనుక పోస్టులో పంపడమూ సులభమే. నగరంలో కనిపించిన ప్రకటనే చిన్న ఊరి పత్రికలోనూ కనిపించేది. నేర్పేవారు లేని చోట పుస్తకమే గురువు. మన హాస్టల్లో పాత గైడ్లు ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు చేతులు మారడం చూసిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సాయం ఊరికే రాలేదు. పోస్టర్లకు డబ్బు కట్టాలి. 1920లో ట్రైలర్లతో మొదలైన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ 1940లలో పోస్టర్ల పంపిణీ కూడా చేపట్టింది. పోస్టరు మా ఆస్తి, ఆట అయిపోగానే తిరిగి పంపాలి అని దాని మీదే అచ్చువేసేది. అంతకన్నా బరువైన సంగతి మరొకటుంది. స్టూడియోలు సినిమాలను విడిగా ఇవ్వక గుత్తగా అంటగట్టేవి. మంచి సినిమా కావాలంటే దానితో పాటు నాసిరకానివీ తీసుకోవాలి, అవీ చూడకుండానే! ప్రెస్‌బుక్ మాత్రం రెండింటినీ ఒకే తీరున పొగిడేది. ఊరివాళ్ల ముఖం చూడవలసింది మేనేజరే కదా! 1948లో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఈ గుత్త బేరాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత స్టూడియోలు తమ థియేటర్లను వదులుకోవలసి వచ్చింది.

1960లో వచ్చిన 'సైకో' ప్రచారం మాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది. ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని దర్శకుడు హిచ్‌కాక్ షరతు. అక్కడ జనం ఆట మధ్యలో వచ్చి కూర్చోవడం అలవాటు కనుక, మేనేజర్లు భయపడ్డారు. వారికోసం స్టూడియో ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని ముద్రించింది. బయట వరుసలో నిలబడ్డవారికి వినిపించడానికి హిచ్‌కాక్ గొంతు రికార్డు చేసి పంపింది. ఆ వరుసలే సినిమాకు పెద్ద ప్రకటన అయ్యాయి.

1975లో 'జాస్' 400కు పైగా థియేటర్లలో ఒకేసారి విడుదలైంది. దానికి దేశమంతటా టీవీలో ప్రకటనలు గుప్పించారు. ఇక ఊరి మేనేజరు చేయవలసింది తగ్గిపోయింది, ప్రెస్‌బుక్ కూడా క్రమంగా పలచబడింది. తిరిగి పంపకుండా ఎక్కడో మిగిలిపోయిన ఆనాటి పోస్టర్లను ఇప్పుడు సేకర్తలు పెద్ద ధరలు పెట్టి కొంటున్నారు. పోస్టు కోసం మడిచిన మడతలు వాటి మీద ఇంకా కనిపిస్తాయి.