శిక్షణనౌక నుండి నౌకాధిపత్యమునకు

మన దేశమునకు మూడు దిక్కుల సముద్రము గలదు. అయినను 1927వ సంవత్సరమునకు పూర్వము భారతీయ బాలురకు వర్తకనౌకాధికారులగుటకు తగిన శిక్షణాలయము ఈ దేశమున లేకుండెను. వేలకొలది భారతీయులు ఆంగ్లేయుల ఓడలలో బాయిలర్లకు బొగ్గు వేయుచు, మోకులు లాగుచు, వంట చేయుచు కాలము గడపుచుండిరి. ఓడను నడపు అధికారము మాత్రము పరదేశీయులదే.

ఈ కొఱత తీర్చుటకై 1927లో బొంబాయి రేవున ‘డఫరిన్’ అను శిక్షణనౌక నెలకొల్పబడెను. అందు చేరిన తొలి విద్యార్థులలో రామదాసు కటారి యొకరు. ఆయన 1911లో చెంగల్పట్టున జన్మించెను. డెక్కు కడుగుట, ముడులు వేయుట, పడవలు దింపి తెడ్లు వేయుట, నక్షత్రములను బట్టి దారి గుర్తించుట మొదలగునవి నావికవిద్యార్థులు నేర్వవలసిన పాఠములు.

చదువు ముగిసిన పిమ్మట కటారి హుగ్లీనదిపై నౌకాసంబంధమైన కొలువున కొన్ని సంవత్సరములు పనిచేసెను. ఆ నదిలో ఇసుకదిబ్బలు నిలుకడలేక కదలుచుండును. నిన్నటి లోతు నేడుండదు. ఏమఱుపాటు ఓడకు చేటు.

1939లో రెండవ ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. వృత్తినావికులకై యేర్పడిన నౌకాదళ రిజర్వునందు కటారి చేరెను. శత్రువుల జలాంతర్గాములు నీటిలో పొంచియుండి వర్తకనౌకలను ముంచుచుండెను. అందుచే ఓడలు బారులు తీరి, చుట్టును యుద్ధనౌకలు కావలి కాయగా సాగుచుండెను. గుంపులో మిక్కిలి మెల్లగా నడచు ఓడ వేగమే అన్నింటికిని వేగము. రాత్రులందు దీపము వెలుగరాదు. ఒక్క అగ్గిపుల్ల వెలుగైనను శత్రువునకు జాడ తెలుపవచ్చును. ఆ చీకటిలో ప్రక్క ఓడకు తగులకుండ నడపుటయే గొప్ప పరీక్ష.

కటారి జలాంతర్గాములను వెదకు విద్యయందు ప్రావీణ్యము గడించెను. ఓడ అడుగు నుండి నీటిలోనికి పంపిన ధ్వని జలాంతర్గామికి తగిలి ప్రతిధ్వనిగా మరలివచ్చును. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. కావున ప్రతిధ్వని రెండు సెకనులలో వినవచ్చినచో శత్రువు 1,500 మీటర్ల దూరమున నున్నట్లు. అయితే అది చేపల గుంపో, తిమింగిలమో, శత్రువో చెవితో పోల్చుకొనవలెను. ఆ నిర్ణయముపైననే వందలమంది ప్రాణము లాధారపడి యుండును.

1958లో కటారి భారతనౌకాదళాధిపతి యయ్యెను. స్వాతంత్ర్యము వచ్చి పదేండ్లు గడచినను, అప్పటివఱకు ఆ పదవి ఆంగ్లేయుల చేతనే యుండెను. 1962లో ఆయన ఆ పదవి నుండి విరమించెను. తదుపరి ‘ఎ సెయిలర్ రిమెంబర్స్’ అను పేర తన స్మృతులను గ్రంథముగా వెలువరించి, 1983లో కీర్తిశేషుడయ్యెను.

యుద్ధకాలమున ఆయుధము చేత లేకయే ధాన్యమును, బొగ్గును, నూనెను రేవులకు చేర్చిన వర్తకనావికులలో పెక్కుమంది తిరిగి యింటికి రాలేదు. వారిలో గ్రంథము వ్రాసినవారు బహుకొద్దిమంది. ఒక నావికుని స్మృతులను చదువునపుడు, చెప్పుకొన వీలులేకపోయిన వారిని గూడ తలచుకొనుట మన విధి.