నానో ఎరువులు: తేలని సంగతులలో రైతు జాగ్రత్త



మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు మిరప, ప్రత్తి రైతులకు కలుగు సందేహము ఒకటి కలదు. అర లీటరు నానో యూరియా సీసా ఒక బస్తాకు సాటియగునా? దానివలన నేలకు, నీటికి కీడు లేదా? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

ముందు లెక్క చూడుడు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలు. 2021లో ఇఫ్కో విడుదల చేసిన సీసాలో నూటికి 4 పాళ్ళు, అనగా 20 గ్రాములు. ఆకుపై చల్లినది తక్కువ వృథా యగునన్నను, వేయి రెట్ల తేడా పూడునా? బస్తా మోయు బాధ తప్పునని ముచ్చటపడుట సహజమే. కాని పంజాబు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వరి, గోధుమలపై రెండేండ్లు పరీక్షింపగా, యూరియాకు బదులు దీనిని వాడినచోట దిగుబడి తగ్గినది.

ఇక కీడు మాట. మీటరును 100 కోట్ల భాగములు చేసిన అందొకటి నానోమీటరు. ఒకే పదార్థమైనను అంత సన్నపు రేణువులైనపుడు దాని నడత మారవచ్చును. కావున బరువు తూచి మోతాదు చెప్పు పద్ధతి ఒక్కటే చాలదు. యూరియా నీట కరగి, నేలలో మామూలు యూరియావలెనే మారిపోవును. వెండి, రాగి రేణువులు అట్లు కావు. లోహము కుళ్ళి నశించునది కాదు. వెండి సూక్ష్మజీవులను చంపును. మన కందికి నత్రజని కూర్చునది వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులే గదా! అయితే లవణములున్న బోరు నీటిలో రేణువులు ముద్దకట్టి అడుగునకు దిగవచ్చును. కనుక ప్రయోగశాల తొట్టిలో చేప చచ్చినదనిన కంభం చెరువులోను చచ్చునని కాదు. చావలేదనిన ఇక్కడ చావదనియు కాదు.

అందుచేత తొలి ఏడు చేనిలో కొంత భాగముననే చల్లుడు. ప్రక్కన మామూలు ఎరువుతో కొన్ని సాళ్ళు విడిచి, రెండింటి పంటను వేరుగా తూచుడు. సిఫారసు చేసిన యూరియాను మానకుడు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రింద అనుమతి లేని సరుకు కొనకుడు. స్ప్రేయరును చెరువులో, వాగులో కడుగకుడు.

గ్రామాధికారులు సరుకు పేరు, బ్యాచి నంబరు, చల్లిన తేదీ, సర్వే నంబరు ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆ వ్రాత లేనిచో, రెండేండ్ల తరువాత కంది వేళ్ళకు బుడిపెలు తగ్గినవన్నను ఏ చేనిలో ఏది చల్లితిరో చెప్పగలవారుండరు.