నెట్ మీటర్ ఫైలు కూడా మీ పనే

ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై సోలార్ పనిలోకి వద్దామనుకునే కుర్రాళ్లు ముందు అడిగేది ప్యానెళ్ల బిగింపు గురించే. అది మూడు నెలల సూర్యమిత్ర శిక్షణలో వస్తుంది. మంచి మేస్త్రీ దగ్గర చేరితే ఇంకా త్వరగా వస్తుంది. ఏడాది పొడవునా పని దొరకాలంటే మాత్రం ఇంటివాళ్ల కరెంటు బిల్లు చదవడం, నెట్ మీటర్ ఫైలు నడపడం రావాలి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000, మొత్తం 78,000 సబ్సిడీ వస్తుంది. ఆపైన ఎంత పెద్దది పెట్టినా పైసా పెరగదు. అందుకని అమ్మేవాళ్లు చాలామంది ఇల్లు చూడకుండానే మూడు కిలోవాట్లు రాసేస్తారు. మీరు ఆ పని చేయకండి. ముందు ఏడాది బిల్లులు తెప్పించుకోండి. కిలోవాట్‌కి రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి కాబట్టి నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. మన బిల్లులు శ్లాబుల్లో ఉంటాయి. సోలార్ ముందు కోసేది పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లనే. కింది శ్లాబు యూనిట్ల కోసం పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి ఇంటాయన చేతిలో పెట్టండి. పక్కింటివాళ్లకు మీ నంబరు ఇచ్చేది ఆయనే.

నెట్ మీటర్ ఉంటే పగలు మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది, రాత్రి లైన్ నుంచి మనం తీసుకుంటాం, తేడాకే బిల్లు. ఫిక్స్‌డ్ చార్జీలు మాత్రం ఉంటాయి. లైన్లో కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసమే ఆ ఏర్పాటు. ఈ రెండూ అడ్వాన్సు తీసుకోకముందే చెప్పాలి.

ఇక ఫైలు. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో మొదటిరోజే చూడండి. తాతగారి పేరున నడుస్తున్న మీటర్లు ఊళ్లలో బోలెడు. పేరు మార్పు ముందు చేయించకపోతే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటారు. కేంద్రం 2024లో సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదం పొందినట్టే లెక్క. 5 కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలపరిచే ఖర్చు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్)దే. పని పూర్తయిన సర్టిఫికెట్ ఇచ్చాక 15 రోజుల్లో ఒప్పందం, మీటరు, కనెక్షన్ అన్నీ అయిపోవాలి. ఈ మాటలు నోటికి వచ్చి ఉంటే సెక్షన్ ఆఫీసులో మర్యాదగానే గట్టిగా అడగొచ్చు. అక్కడ కదలకపోతే 1912 నంబరుకు ఫోన్, తర్వాత వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక (సీజీఆర్‌ఎఫ్), ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోండి.

పంచాయతీ కార్యదర్శిని, మున్సిపల్ సిబ్బందిని తప్పకుండా కలవండి. తమ పరిధిలో పెట్టించిన ఒక్కో ఇంటి సోలార్‌కు 1,000 రూపాయల చొప్పున స్థానిక సంస్థలకు ప్రోత్సాహకం ఇచ్చే ఏర్పాటు ఈ పథకంలోనే ఉంది. గ్రామసభలో పది నిమిషాలు మాట్లాడే అవకాశం అడగండి. వంద కరపత్రాలు చేయలేని పని అక్కడ జరుగుతుంది.

డాబా మీద భద్రత విషయంలో రాజీ పడకండి. ప్యానెళ్ల వైర్లు కలిపే ఎంసీ4 కనెక్టర్లలో ఒక కంపెనీదానికి ఇంకో కంపెనీది తగిలించినా, సరైన క్రింపింగ్ టూల్ లేకుండా కటింగ్ ప్లయర్‌తో నొక్కేసినా, ఆ జాయింటు ఎండల్లో వేడెక్కి కరుగుతుంది, నిప్పంటుకుంటుంది. మెయిన్ ఆపినా పగటిపూట డీసీ వైర్లో కరెంటు ఉంటుందని మీ హెల్పర్‌కు తెలిసే దాకా వాణ్ణి పైకి ఎక్కించకండి.

మిగులు యూనిట్లకు ఏ రేటు కట్టాలో, నెట్ మీటరింగ్ ఎలా సాగాలో తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. చార్జీలు ఖరారు చేసే ముందు ఏటా బహిరంగ విచారణ పెడుతుంది. అభ్యంతరం ఎవరైనా రాసి ఇవ్వొచ్చు, నిలబడి మాట్లాడొచ్చు. పెద్ద కంపెనీల ప్రతినిధులు ఫైళ్లతో వస్తారు. మీరు కట్టిన ఇళ్ల బిల్లులు, మీటరు ఆలస్యమైన దరఖాస్తుల రసీదులు పట్టుకుని ఈసారి మీరూ వెళ్లండి.