డిలీట్ చేసినా జాబితాలో ఉండిపోయే డేటాబేస్‌లు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: తీసేసిన డేటాబేస్ పేరు సీప్యానెల్‌లో ఇంకా ఎందుకు కనిపిస్తుంది?

జవాబు: ప్యానెల్ చూపే జాబితా వేరు, మైఎస్‌క్యూఎల్ సర్వర్‌లో నిజంగా ఉన్న డేటాబేస్‌లు వేరు. ఏ డేటాబేస్ ఏ ఖాతాదో సీప్యానెల్ తన దగ్గర ఖాతాకొక ఫైల్ చొప్పున విడిగా రాసి పెట్టుకుంటుంది. ప్లెస్క్ అయితే ఈ లెక్కలకు 'పీఎస్‌ఏ' అనే సొంత డేటాబేస్ వాడుతుంది. ప్యానెల్ పేజీ నుంచే డిలీట్ చేస్తే రెండు చోట్లా పేరు పోతుంది. రూట్ లాగిన్‌తోనో, ఏదో స్క్రిప్ట్‌తోనో 'డ్రాప్ డేటాబేస్' ఇస్తే సర్వర్‌లో మాత్రమే పోతుంది, ఆ సంగతి ప్యానెల్‌కు తెలియదు. భూమి అమ్మేసినా పహాణీలో పాత పేరే నడుస్తున్నట్టు, ప్యానెల్ పాత జాబితానే చూపిస్తూ ఉంటుంది.

ప్రశ్న: ముందుగా ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ డేటాబేస్ సర్వర్‌లో ఉందా లేదా అన్నది. ఇది తేలకముందు ఏ ఫైల్ మీదా చెయ్యి వేయకూడదు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎడమవైపు జాబితా పాతదై ఉండవచ్చు కాబట్టి, ముందు దాన్ని రిఫ్రెష్ చేయాలి. తర్వాత ఎస్‌క్యూఎల్ ట్యాబ్‌లో 'షో డేటాబేసెస్' నడపాలి. ఈ ఆదేశం మామూలుగా లాగిన్ అయిన యూజర్‌కు హక్కు ఉన్న పేర్లనే చూపిస్తుంది. హక్కులు తక్కువున్న యూజర్‌కు ఒక పేరు కనబడలేదంటే ఆ డేటాబేస్ లేదని కాదు. రూట్‌తో చూస్తే ఖాయంగా తేలుతుంది.

ప్రశ్న: సర్వర్‌లో లేదు, ప్యానెల్‌లో ఉంది. పేరు పోయేదెలా?

జవాబు: ప్యానెల్‌లోనే మరోసారి డిలీట్ నొక్కి చూడాలి. లేనిదాన్ని తీయలేక ఎర్రర్ వస్తే, రూట్ హక్కు ఉన్నవారు అక్షరం తేడా లేకుండా అదే పేరుతో ఖాళీ డేటాబేస్ ఒకటి సృష్టించి, దాన్ని ప్యానెల్ పేజీ నుంచి తీసేయడం సురక్షితమైన దారి. ఖాతా ఫైల్‌ను నేరుగా దిద్దడం ఆఖరి మార్గమే. అది జేసన్ ఫైల్, ఒక్క కామా తప్పినా చదవడానికి పనికిరాకుండా పోతుంది. దిద్దేముందు నకలు తీసి ఉంచాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ఖాతాదారుకు రూట్ ఉండదు కాబట్టి సపోర్ట్‌కు టికెట్ పెట్టాల్సిందే. అందులో ఖాతా పేరు, డేటాబేస్ పూర్తి పేరు, దాన్ని ఎప్పుడు ఎలా తీసిందీ రాసి, ప్యానెల్ స్క్రీన్‌షాట్‌తో పాటు 'షో డేటాబేసెస్' ఫలితం కూడా జత చేస్తే పని త్వరగా అవుతుంది.

ప్రశ్న: సర్వర్‌లోనే పేరు ఉంది. డ్రాప్ చేస్తే 1010 ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

జవాబు: మైఎస్‌క్యూఎల్ ప్రతి డేటాబేస్‌కూ డేటా డైరెక్టరీలో ఒక ఫోల్డర్ పెడుతుంది. డ్రాప్ చేసినప్పుడు తనకు తెలిసిన ఫైళ్లను తీసేసి, ఆ తర్వాత ఫోల్డర్‌ను తీస్తుంది. తనది కాని ఫైల్ అందులో ఒక్కటి మిగిలినా ఫోల్డర్ కదలదు. లైనక్స్‌లో ఎర్రర్ చివర 39 అనే అంకె కనిపిస్తే ఫోల్డర్ ఖాళీగా లేదని అర్థం. ఎవరో అక్కడ దాచిన బ్యాకప్ కావచ్చు. 'సెలెక్ట్ ఇంటూ అవుట్‌ఫైల్'కు పూర్తి దారి ఇవ్వకుండా ఫైల్ పేరు మాత్రమే ఇచ్చినా, ఫలితం వచ్చి ఆ ఫోల్డర్‌లోనే పడుతుంది. మిగిలినవాటిని తెరిచి చూసి, అవసరమైతే వేరే చోటికి తరలించి, మళ్లీ డ్రాప్ ఇస్తే సరిపోతుంది.

మైఎస్‌క్యూఎల్ 5.7 వరకు, మరియాడీబీలో ఇప్పటికీ, డేటా డైరెక్టరీలో ఫోల్డర్ ఉంటే చాలు, అది డేటాబేస్‌గా జాబితాకెక్కుతుంది. డేటా డైరెక్టరీకి విడి పార్టిషన్ ఇచ్చిన సర్వర్లలో 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అనే పేరు కనిపించేది అందుకే. అది ఫైల్ సిస్టమ్ సొత్తు, తీయకూడదు. 8.0 నుంచి పేర్లు డేటా డిక్షనరీలో ఉంటాయి. అక్కడ ఫోల్డర్‌ను చేత్తో తీసేస్తే కథ తిరగబడుతుంది: డేటా పోతుంది, పేరు మిగులుతుంది. ఏ వెర్షన్‌లోనూ ఫోల్డర్‌ను నేరుగా తొలగించడం డ్రాప్‌కు ప్రత్యామ్నాయం కాదు.

ప్రశ్న: డేటాబేస్ పోయినా డిస్క్ వాడకం తగ్గలేదేం?

జవాబు: ప్యానెల్ చూపే వాడకం అంకె వెంటనే మారకపోవచ్చు. టేబుళ్లన్నీ ఒకే ఐబీడేటా ఫైల్‌లో ఉండే పాత అమరికలో అయితే, ఖాళీ అయిన చోటు కొత్త టేబుళ్లకు పనికొస్తుంది గానీ ఆ ఫైల్ మాత్రం చిన్నదవదు.

ప్రశ్న: డేటాబేస్‌తో పాటు యూజర్ హక్కులు కూడా పోతాయా?

జవాబు: మైఎస్‌క్యూఎల్‌లో నేరుగా డ్రాప్ చేస్తే పోవు. చాలామంది పట్టించుకోనిదీ, నిజంగా ప్రమాదమైనదీ ఇదే. రేపు అదే పేరుతో కొత్త డేటాబేస్ సృష్టిస్తే, పాత యూజర్ పాత పాస్‌వర్డ్‌తోనే అందులోకి వెళ్లగలడు. అందుకే 'షో గ్రాంట్స్'తో ఎవరికి ఏ హక్కులు మిగిలాయో చూసి, 'రివోక్'తో వాటిని తీసేయాలి. ఆ యూజర్‌తో వేరే పని లేకపోతే యూజర్‌నే ప్యానెల్ నుంచి తొలగించాలి.