సముద్రం పక్కనున్నా గాలి ఎందుకు చెడుతుంది? విశాఖ నుంచి పాలమూరుకు ఒక పాఠం

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వైజాగ్ టూర్ పోయొచ్చినోళ్లు చెప్పే మొదటి మాట, "అబ్బ, ఏం గాలిరా అది!" అనే. సముద్రం ఒడ్డున ఊరంటే గాలి శుభ్రంగానే ఉంటుందని మనందరి లెక్క. కానీ 2019 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితా చూడండి. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల్లో విశాఖపట్నం పేరుంది. హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు ఉన్నాయి. మన అలంపూర్ నుంచి తుంగభద్ర దాటితే వచ్చే కర్నూలు కూడా ఉంది.

అంత పెద్ద సముద్రం ఎదురుగా పెట్టుకొని ఇదెట్లా? జవాబులో సగం పొగ గొట్టాల్లో ఉంది. మిగతా సగం ఋతువుల్లో ఉంది. ఆ రెండో సగం మనకూ వర్తిస్తుంది కాబట్టి కొంచెం ఓపికగా చూద్దాం.

గిన్నెలాంటి ఊరు

విశాఖకు ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండ. మధ్యలో ఊరు, ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం. తూర్పున మాత్రమే సముద్రం వైపు తెరిచిన గిన్నె లాంటి ఆకారం. 1933లో మొదలైన ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించుతారు, ఎత్తుతారు. ఆ ధూళికి లారీల పొగ, రోడ్ల మట్టి, ఫ్యాక్టరీల వాయువులు తోడవుతాయి. గిన్నెలో పోసింది బయటికి పోవాలంటే గాలే తీసుకుపోవాలి.

పగలొక గాలి, రాత్రొక గాలి

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. ఎండిన ఇసుకకు సుమారు 0.8 చాలు. అందుకే పగలు నేల తొందరగా కాగుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది కాబట్టి గాలి నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. రాత్రి సముద్రం మీదికి పోయిన పొగ అక్కడే మాయమైపోదు. మరుసటి రోజు సముద్రపు గాలి దానిలో కొంత మళ్లీ ఊళ్లోకి మోసుకొస్తుంది. సముద్రం గాలిని కడుగుతుందని మనమనుకుంటాం కానీ, కొన్ని రోజులు అది తిప్పి పంపిస్తుంది అంతే.

గాలికి మూత

మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. చలికాలం రాత్రుల్లో మబ్బులుండవు. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని పైపొర వెచ్చగా మారుతుంది. చల్లగాలి బరువు, పైకి లేవలేదు. కుండకు మూత పెట్టినట్టే. దీన్నే టెంపరేచర్ ఇన్వర్షన్ అంటారు.

ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క వేద్దాం. పొగ కలిసే ఎత్తును గాలి వేగంతో గుణిస్తే వచ్చేది వెంటిలేషన్ కోఎఫిషియెంట్. ఎండాకాలం మధ్యాహ్నం ఎత్తు 1500 మీటర్లు, వేగం సెకనుకు 4 మీటర్లు అనుకుందాం: 6000. చలికాలం తెల్లవారుజామున ఎత్తు 200 మీటర్లు, వేగం 1 మీటరు అనుకుందాం: 200. అవి ఊహించిన అంకెలే, కానీ సంగతి అర్థమవుతుంది. అదే ఊరు, అదే పొగ. గాలిలో చిక్కదనం మాత్రం 30 రెట్లు.

ఇక ఏడాది లెక్క సులువు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు ధూళిని కడిగేస్తాయి, గాలులు బలంగా వీస్తాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మూత పడుతుంది. పైగా ఆ నెలల్లో ఈశాన్యపు గాలులు ఉత్తర భారతం పొగమంచును బంగాళాఖాతం మీదుగా కిందికి తెస్తాయి. దీపావళి టపాసులు, భోగి మంటలు దాదాపు ఈ కాలానికే పడతాయి.

మరి మన సంగతి?

మనకు ఓడరేవు లేదు, కొండల గిన్నె లేదు. మూత మాత్రం ఉంది. సముద్రపు గాలి సాయం కూడా లేదు. వానాకాలం వరి కోతలయ్యాక కొయ్యకాళ్లకు మాపటిపూట నిప్పు పెడితే ఆ పొగ రాత్రంతా ఊరి మీదే పడుకుంటుంది. కొత్తకోట, పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి లారీల పొగా అంతే. తెల్లారి పోలీస్ ఉద్యోగాల కోసం రోడ్డు మీద రన్నింగ్ చేసే మన దోస్తులు పీల్చేది దాన్నే. ఇన్‌హేలర్ పెట్టుకొని పడుకునే అవ్వ, తాత పీల్చేదీ దాన్నే.

యాప్‌లో అంకె చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మన దేశపు ఏక్యూఐలో ధూళి కణాలకు 24 గంటల సగటు తీసుకుంటారు. తెల్లవారుజాము ఘాటు ఆ సగటులో దాక్కుంటుంది. రెండు, పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములున్నా మన పట్టికలో అది "సంతృప్తికరం" కిందికే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 24 గంటల హద్దు 15 మాత్రమే.

చేయగలిగినవి పెద్దవేం కావు. చలికాలంలో రన్నింగ్‌ను హైవే మీంచి గ్రౌండ్‌కు మార్చుకోవచ్చు, ఎండ పడ్డాక మొదలుపెట్టొచ్చు. ఊరికి పోయినప్పుడు నాయినతో కొయ్యకాళ్లను కాల్చకుండా రోటవేటర్‌తో నేలలోకి కలిపేసే సంగతి మాట్లాడొచ్చు; భూమికి బలం కూడా. ఒకటే చేను, ఒకటే మంట అని తేలిగ్గా తీసుకునేముందు ఆ 30 రెట్ల లెక్క వాళ్లకూ ఒకసారి వేసి చూపించండి. మనం చదివే చదువుకు ఇంట్లో పనికొచ్చే రోజు అట్లాంటిదే.