మొదటి శీలం – నలభై గజాల దూరంలో జింక





పంచశీలాల్లో మొదటిది మనందరికీ కంఠతా వచ్చు. విహారంలో చేతులు జోడించి చెబుతాం. చెప్పడం తేలికే. అది ఒక ప్రశ్నగా మారి మన ఎదురుగా నిలబడ్డప్పుడే మనకు ఎంత అర్థమైందో తెలుస్తుంది. ఈ పాఠం అలాంటి ఒక ప్రశ్న గురించి.

పోయిన నవంబరులో మా చిన్నాన్న కొడుకు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, మా ఆఫీసులో ఒకాయన జింకల వేటకి రమ్మంటున్నాడు. తుపాకీ ఆయనదే, నేను పక్కన కూర్చోవడమే. పంచశీల తీసుకున్నోణ్ణి కదా, వెళ్లొచ్చా?"

నేను వెంటనే "వద్దు" అనేశాను.

"ఎందుకొద్దు? మనం కోడిని కోయమా, మేకని కోయమా? మాంసం తింటారని మనల్ని ఊరవతల పెట్టినోళ్ల మాటే నువ్వూ చెబుతున్నావా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. తెలియని దాని మీద తీర్పు చెప్పడం ధమ్మం కాదు. "ఆ వేట సంగతంతా ఆయన్ని అడిగి నాకు చెప్పు. నేను బాబాసాహెబ్‌ని మళ్లీ చదువుతాను" అన్నాను. ఇద్దరం నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

1. ఆ తుపాకీ ఏమిటి?

దాన్ని లీవర్ యాక్షన్ రైఫిల్ అంటారు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప పిడిని కిందికి లాగి పైకి నొక్కితే ఖాళీ గొట్టం బయటికి పడి కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. 1860లో హెన్రీ రైఫిల్, 1873లో, 1892లో వించెస్టర్ రైఫిళ్లు ఈ పద్ధతిలో వచ్చాయి. ఇందులో కొన్ని రకాలు పిస్తోలు తూటాలనే వాడతాయి. .357 మాగ్నం 1935లో, .44 మాగ్నం 1955లో వచ్చిన తూటాలు. పిస్తోలులో సెకనుకు 1,200 అడుగుల పైచిలుకు వేగంతో పోయే .357 తూటా, రైఫిల్ పొడవాటి గొట్టంలోంచి వస్తే దాదాపు 1,800 అడుగుల దాకా అందుకుంటుంది.

అయితే దానికొక హద్దు ఉంది. ఈ రైఫిల్లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనక తూటా మొన ముందు తూటా అడుగుకి తగిలి పేలే ప్రమాదం ఉంది కాబట్టి మొన చదునుగా చేస్తారు. చదును మొన గాలిని చీల్చలేదు, వేగం త్వరగా పడిపోతుంది. అందుకే .357తో జింకని కొట్టాలంటే వంద గజాల లోపే అంటారు. జాగ్రత్త గలవాళ్లు యాభై గజాలు దాటనివ్వరు.

ఒహాయోలో చాలా చోట్ల నేల చదునుగా ఉంటుంది. మొక్కజొన్న, సోయా పొలాల మధ్య ఇళ్లు ఉంటాయి. మైళ్ల దూరం పోయే తూటా ఎవరింట్లో దూరుతుందో తెలియదు. అందుకే తుపాకీతో జింకల వేట చాలాకాలం షాట్‌గన్లతోనే సాగింది. 2014 నుంచి ఇలాంటి తిన్నని గొట్టం తూటాల రైఫిళ్లకీ అనుమతి ఇచ్చారు. తుపాకీలో మూడు తూటాలకి మించి ఉండకూడదు. ఒంటి మీద నారింజ రంగు చొక్కా తప్పనిసరి.

2. ఎప్పుడు కాల్చకూడదు?

ఇది ముఖ్యం, నిదానంగా చదవండి.

జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు. ముందుకాలి వెనక, ఛాతీలో కింది భాగం. జింక పక్కకి తిరిగి నిలబడితేనే ఆ చోటు సరిగ్గా దొరుకుతుంది. అక్కడ తగిలితే ఓ యాభై, వంద గజాలు పరిగెత్తి పడిపోతుంది, ప్రాణం త్వరగా పోతుంది. పొట్టలో తగిలితే మాత్రం గంటల తరబడి నొప్పితో పొదల్లో పడి ఉంటుంది.

కాబట్టి వేటగాడు మొదట నేర్చుకునేది కాల్చకుండా ఉండటం. జింక ఎదురుగా చూస్తుంటే కాల్చకూడదు. పరిగెత్తుతుంటే కాల్చకూడదు. దాని వెనక ఇల్లో, రోడ్డో, మనిషో ఉంటే కాల్చకూడదు. చీకట్లో పొద కదిలిందని కాల్చకూడదు. కాల్చాక పరిగెత్తి వెంటపడకూడదు. అరగంట ఆగాలి. బెదిరిస్తే అది ఇంకా దూరం పోయి ఒంటరిగా చస్తుంది. ఆ తర్వాత నెత్తుటి జాడ పట్టుకుని వెతకాలి. దొరికేదాకా ఇంటికి పోకూడదు.

3. బాబాసాహెబ్ ఏం చెప్పారు?

1957లో అచ్చయిన 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో అహింస గురించి బాబాసాహెబ్ వివరంగా రాశారు. బుద్ధుడు అహింసని గుడ్డిగా పాటించాల్సిన నియమంగా కాక, ఆలోచించి నడుచుకోవలసిన సూత్రంగా ఇచ్చాడని అన్నారు. చంపవలసిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని విడదీశారు. కోరిక తప్ప మరేమీ లేని చోట చంపడాన్ని బుద్ధుడు నిషేధించాడు. అవసరం ఉందో లేదో తేల్చుకునే బాధ్యతని మన ప్రజ్ఞకి వదిలాడు.

దీన్ని మనం రెండు వైపుల నుంచీ తప్పుగా చదువుతాం. ఒకడు "అవసరమే" అని దేనికైనా సాకు చెబుతాడు. ఇంకొకడు "మాంసం ముట్టను, నేను శుద్ధం" అని పక్కవాణ్ణి మైలగా చూస్తాడు. మొదటివాడిది కోరిక, రెండోవాడిది అహంకారం. రెండూ ధమ్మం కావు.

4. అక్కడ అవసరం ఉందా?

అడ్డూ అదుపూ లేని వేటవల్ల, అడవులు నరకడంవల్ల 1904 నాటికి ఒహాయోలో ఒక్క జింక కూడా మిగల్లేదు. అది కోరిక చేసిన పని. తర్వాత చట్టాలు పెట్టి, కాపాడి పెంచారు. తోడేళ్లు ముందే పోయాయి కాబట్టి జింకలు ఎక్కువైతే తగ్గించేది లేదు. పొలాలు తినేస్తాయి, రోడ్ల మీద కార్లకి అడ్డం పడతాయి. కాబట్టి ఏటా లెక్క కట్టి, లైసెన్సు ఇచ్చి వేట అనుమతిస్తారు. అవసరం ఉందనే చెప్పాలి. అయితే వేటకి వెళ్లే ప్రతివాడి మనసులో ఆ అవసరమే ఉందా? గోడకి కొమ్ములు తగిలించుకోవాలనుకునేవాడూ ఉంటాడు, పిల్లలకి చలికాలం మాంసం దాచుకునేవాడూ ఉంటాడు. ఇద్దరి చేతిలోనూ అదే తుపాకీ. శీలం తుపాకీలో లేదు.

5. మా తమ్ముడు చూసింది

తమ్ముడు వెళ్లాడు. తెల్లారకముందే చెట్టుకి కట్టిన మంచె ఎక్కారు. ఎనిమిదింటికి నలభై గజాల దూరంలో జింక వచ్చింది. ఆయన తుపాకీ ఎత్తాడు. జింక ముఖం వీళ్ల వైపే ఉంది. ఆయన దించేశాడు. అది వెళ్లిపోయింది. "అంత చలిలో మూడు గంటలు కూర్చుని ఊరికే వదిలేశాడన్నా" అన్నాడు తమ్ముడు.

సాయంత్రం ఒక ఆడజింక పక్కకి తిరిగి నిలబడింది. ఒక్కటే తూటా. అరవై అడుగులు పోయి పడింది. అరగంట ఇద్దరూ మాట్లాడుకోలేదు. దగ్గరికి వెళ్లాక ఆయన టోపీ తీసి నిలబడ్డాడట. "నేను దాని మెడ మీద చెయ్యి పెట్టానన్నా. ఇంకా వెచ్చగా ఉంది. కోడిని కోసినప్పుడు ఎన్నడూ వణకని చేతులు వణికాయి."

ఆయన కొంత మాంసం ఇచ్చాడు. తమ్ముడు మళ్లీ ఫోన్: "తినొచ్చా?" తన కోసమే చంపారని చూసిన, విన్న, అనుమానించిన మాంసాన్ని భిక్షువు తీసుకోకూడదు. నువ్వు భిక్షువువి కాదు, అది నీకోసం చంపిందీ కాదు, తిను అన్నాను. పులుసు పెట్టుకుని తిన్నాడు.

"వచ్చే ఏడాది నన్నే కాల్చమంటే కాల్చనన్నా. ఆయనకి ఇంటినిండా పిల్లలు, ఆ మాంసం చలికాలమంతా తింటారు. నాకు ఆ అక్కర లేదు. అక్కర లేకుండా కాలిస్తే అది సరదాయే కదా."

నేను పుస్తకంలో వెతికిన జవాబు వాడు మంచె మీద కూర్చుని తెలుసుకున్నాడు. నా మొదటి "వద్దు" ధమ్మం నుంచి రాలేదు, నలుగురు ఏమంటారో అన్న భయం నుంచి వచ్చింది.

6. మన దగ్గర

ఇది చదివి ఎవరూ నల్లమల దారి పట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో జింకని వేటాడటం నేరం. ఇక్కడ వాటిని కాపాడటమే అవసరం. పొలం గట్టున ఉచ్చులు పెట్టేవాళ్లకి, కరెంటు తీగలు లాగేవాళ్లకి ఒక్క మాట: ఉచ్చులో పడ్డ జంతువు రాత్రంతా గింజుకుంటుంది, చూసేవాడు లేడు. కరెంటు తీగకి పొద్దున్నే పొలానికి పోయే మనిషీ జంతువూ ఒకటే.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నిటి మీద కరుణ చూపుతానన్నది ఒకటి. కరుణ అంటే కళ్లు మూసుకోవడం కాదు. దగ్గరికి వెళ్లి చూడటం.

చర్చకు ప్రశ్నలు (విహారంలో కలిసి మాట్లాడుకోండి)

1. అవసరానికీ కోరికకీ తేడా మీ ఇంటి వంటలో, మీ ఊరి జాతరలో ఎక్కడ కనిపిస్తుంది?
2. తుపాకీ దించేసిన ఆ ఉదయం ఆయన శీలం పాటించాడా? సాయంత్రం కాల్చినప్పుడు తప్పాడా?
3. మన తిండిని వెక్కిరించేవాళ్లకి కోపంతో కాక ప్రజ్ఞతో ఏం జవాబు చెబుతాం?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!