బ్రూస్ అను ఇంటిపేరు



సాలెపురుగును చూచి ధైర్యము తెచ్చుకొనిన రాబర్ట్ బ్రూస్ కథ మీరు చదివియే యుందురు. యుద్ధములలో ఓడి గుహలో దాగిన రాజు, పలుమారులు జారిపడియు గూడల్లుట మానని సాలెపురుగును చూచి మరల కత్తిపట్టెనని ఆ కథ. దానిని లోకమున ప్రచారము చేసినవాడు 19వ శతాబ్దపు రచయిత సర్ వాల్టర్ స్కాట్. రాజు కాలమునాటి గ్రంథములలో ఆ సాలెపురుగు కానరాదు.

మొన్న తొమ్మిదవ తరగతిలో ఈ సంగతి చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, రాబర్ట్ అనునది ఆయన పేరు గదా! మరి బ్రూస్ అనగా నేమి?" అని అడిగినాడు. "అది ఆయన ఇంటిపేరు" అంటిని. "దానికి అర్థమేమి?" అని మరల అడిగినాడు. "నీ ఇంటిపేరునకు అర్థమేమి?" అని నేను ఎదురడుగగా తల వంచుకొనినాడు. అతని ప్రశ్న మంచి ప్రశ్న. దానికి సమాధానముగా ఈ పాఠము వ్రాయుచున్నాను.

ఊరిపేరే ఇంటిపేరు

ఫ్రాన్సు దేశపు ఉత్తరతీరమున నార్మండీ అను సీమ కలదు. అందు కొటాంటాన్ ద్వీపకల్పమున, షెర్బూర్ రేవునకు దాపున, బ్రిక్స్ అను చిన్న ఊరున్నది. బ్రూస్ వంశమునకు పుట్టినిల్లు ఆ ఊరే. ఆ కాలమున భూస్వాములు తమ పేరు చివర తమ ఊరిపేరు చేర్చుకొనెడివారు. అట్లు చేర్చునపుడు నడుమ "డి" అను చిన్నమాట వాడిరి. దానికి "యొక్క", "నుండి" అని అర్థము. "రాబర్ట్ డి బ్రూస్" అనగా బ్రూస్ ఊరి రాబర్ట్ అన్నమాట. మొదట ఒక్క మనిషి గుర్తుగా ఉన్న ఆ పేరు తండ్రినుండి కొడుకునకు వచ్చి ఇంటిపేరైనది. కాలక్రమమున "డి" జారిపోయి "బ్రూస్" మాత్రమే మిగిలినది.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. నెల్లూరు, ఏలూరు అనునవి ఊళ్లు. నెల్లూరి, ఏలూరి అనునవి ఇంటిపేర్లు. చివరి ఉకారము ఇకారమగుటను వ్యాకరణ పాఠమున ఔపవిభక్తికమని చదువుకొనియున్నారు. నార్మనుల "డి" చేయు పనినే మన "ఇ" చేయుచున్నది. అయితే వారి ఊరిపేరు మనిషి పేరునకు వెనుక నిలుచును, మనది ముందు నిలుచును.

నార్మనులు ఎవరు?

నార్మనులనగా ఉత్తరదేశపు జనులు. వీరి పూర్వులు స్కాండినేవియానుండి ఓడలలో వచ్చి ఫ్రాన్సు తీరములను దోచినవారు. 911లో ఫ్రాన్సు రాజు మూడవ చార్లెసు వారి నాయకుడైన రోలోకు సీన్ నదీముఖమున భూమినిచ్చి సంధి చేసికొనెను. అచ్చట కాపురముండి, స్థానికులతో వియ్యమంది, కొలది తరములలోనే వారు తమ ఉత్తరదేశపు భాషను మరచి ఫ్రెంచి మాటాడజొచ్చిరి. ఇది వారి మొదటి భాషామార్పిడి. 1066లో నార్మండీ ప్రభువగు విలియము హేస్టింగ్స్ యుద్ధమున గెలిచి ఇంగ్లండు రాజైనప్పుడు అతని వెంట సముద్రము దాటినది ఫ్రెంచి భాషయే.

రెండు రాజ్యములలో ఒక వంశము

బ్రూస్ వంశీయుడొకడు విలియముతోనే వచ్చెనని పూర్వులు వ్రాసిరి గాని అందుకు గట్టి ఆధారము లేదు. పత్రములలో నిశ్చయముగా కనిపించు తొలివాడు మొదటి హెన్రీ రాజు కాలపు రాబర్ట్ డి బ్రూస్. ఇతడు యార్క్‌షైరులో విస్తారమైన భూములు పొందెను. హెన్రీ కొలువులో ఇతనికి మిత్రుడైన డేవిడ్ తరువాత స్కాట్లండు రాజై, 1124 ప్రాంతమున ఇతనికి ఆనండేల్ అను సీమను దానము చేసెను. ఆ దానపత్రము లాటిను భాషలో ఉన్నది. అందు రాజు తన "ఫ్రెంచి, ఇంగ్లీషు" జనులకు అభివాదము తెలుపుట గమనింపదగినది. స్కాట్లండు రాజు కొలువులోనే ఫ్రెంచివారు ఒక జనముగా లెక్కకు వచ్చిరన్నమాట.

రెండు రాజ్యములలో భూములుండుట చిక్కులు తెచ్చెను. 1138లో డేవిడ్ ఇంగ్లండుపై దండెత్తగా రాబర్ట్ యుద్ధము వలదని వేడుకొనెను. రాజు వినకపోగా అతని కొలువు విడిచి ఇంగ్లండు పక్షమున నిలిచెను. చిన్న కొడుకు మాత్రము ఆనండేలును నిలుపుకొని డేవిడ్ పక్షముననే యుండెను. అంతట వంశము రెండు శాఖలైనది. ఇంగ్లండు శాఖ 1272లో మగసంతతి లేక అంతరించెను. ఆనండేలు శాఖ నిలిచెను. ఆ యింటివారొకరు డేవిడ్ రాజు వంశపు కన్యయగు ఇసబెల్లాను పెండ్లాడుటచే వారికి సింహాసనమునకు హక్కు ఏర్పడినది.

1290లో స్కాట్లండు సింహాసనము వారసులు లేక శూన్యమయ్యెను. 1292లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు జాన్ బేలియల్ పక్షమున తీర్పు చెప్పెను. బేలియల్ అనునదియు ఫ్రాన్సులోని ఒక ఊరిపేరే! ఓడిన బ్రూస్ మనుమడే సాలెపురుగు కథలోని రాబర్ట్. అతడు 1306లో స్కోన్ అనుచోట పట్టాభిషిక్తుడై, 1314లో బానక్‌బర్న్ యుద్ధమున గెలిచి, 1328 సంధిచే తన దేశ స్వాతంత్ర్యమును ఇంగ్లండుచే ఒప్పించి, 1329లో మరణించెను. అతని కుమారుడు రెండవ డేవిడ్ 1371లో సంతానము లేక మరణింపగా, రాజ్యము రాబర్ట్ కుమార్తె మార్జరీ కొడుకునకు సంక్రమించెను. అతనితో స్టూవర్టు వంశము మొదలైనది.

పేరు నిలిచినది, భాష నిలువలేదు

ఇక ఆలోచింపుడు. దక్షిణమున ఇంగ్లండులో 1362 నాటికి న్యాయస్థానములలో ఫ్రెంచి వాదము జనులకు తెలియుటలేదని, ఇంగ్లీషుననే వాదింపవలెనని చట్టము చేయవలసి వచ్చెను. ఆ చట్టమును మాత్రము ఫ్రెంచిలోనే వ్రాసిరి! స్కాట్లండులో 1375 ప్రాంతమున జాన్ బార్బర్ అను కవి రాబర్ట్ చరిత్రను వేల పంక్తుల కావ్యముగా రచించెను. దాని భాష స్కాట్లండు జనుల వాడుకభాష. నాయకుని పేరు ఫ్రెంచి ఊరిది. అతని కీర్తిని పాడిన భాష వేరు. మూడు వందల యేండ్లలోపల వారు రెండవ భాషనుగూడ విడిచిరి. ఎవరును వారిని బలవంతపెట్టలేదు. ఇంట వాడుక తగ్గినది, అంతే.

ఈ పేరునకు మరియొక ఘట్టమున్నది. 1840 చట్టముచే కెనడాలో రెండు ప్రాంతములను కలిపి, చట్టసభ పత్రములు ఇంగ్లీషులోనే యుండవలెనని శాసించిరి. అచ్చటి ఫ్రెంచివారి పూర్వులలో పలువురు నార్మండీనుండి వలసవచ్చినవారు. వారు ఊరకుండలేదు. 1842లో లఫోంతేన్ అను నాయకుడు, సభలో ఇంగ్లీషున మాటాడుమని అడిగినను, తన ప్రసంగమును మాతృభాషలోనే చేసెను. 1848లో ఆ నిబంధన రద్దయినది. 1849 జనవరిలో గవర్నరు జనరలు సభలో తన ప్రారంభోపన్యాసమును ఇంగ్లీషునను ఫ్రెంచిలోను చదివెను. ఆ గవర్నరు ఎల్గిన్ ప్రభువు. ఆయన అసలు పేరు జేమ్సు బ్రూస్!

ఫ్రెంచి ఊరిపేరు గల ఆ పెద్దమనిషికి ఫ్రెంచి వారసత్వముగా రాలేదు, చదువుకొని నేర్చినాడు. పేరులేని రైతులు మాత్రము ఇంటింట ఆ భాషను పలుకుచు నిలుపుకొనిరి. ఈ ఎల్గిన్ ప్రభువే 1862లో మన దేశమునకు వైస్రాయిగా వచ్చి 1863లో ధర్మశాలలో మరణించెను. ఆయన కుమారుడును 1894 నుండి 1899 వరకు వైస్రాయిగా నుండెను.

తలిదండ్రులకు ఒక మాట. మన ప్రాంతమున పిల్లల పేర్లముందు తండ్రిపేరు మొదటి అక్షరము నిలిచి ఇంటిపేరు మరుగున పడుచున్నది. అది తిరిగి వ్రాసికొనవచ్చును. భాష అట్టిది కాదు. ఇంటిపేరు పుట్టుకతో ఊరకయే వచ్చును. భాషను ప్రతి తరమును మరల నేర్చుకొనవలెను.

అభ్యాసము

1. మీ ఇంటిపేరు ఊరిపేరా, వృత్తిపేరా, మరియొకటియా? తాతమ్మల నడిగి తెలిసికొని రండు.
2. అది ఊరిపేరైనచో ఆ ఊరు ఎచ్చటనున్నదో పటమున గుర్తింపుడు.
3. వారు చెప్పిన సంగతులను వారి మాటలలోనే, తెలుగున, ఒక పుట వ్రాసి తెండు.